ఫీజు బకాయి సర్కారుది... వడ్డీ రైతుది

పత్తి అమ్మిన పైసలు చేతిలో పడగానే ఎరువుల దుకాణం బాకీ తీర్చడం, తర్వాత చేబదుళ్లు కట్టడం, మిగిలితే ఇంటికి తేవడం మన రైతులకు ఏనాటి నుంచో ఉన్న వరస. ఈ మధ్య ఆ వరసలో ఇంకో బాకీ వచ్చి కూర్చుంది. అది కాలేజీ ఫీజు. చిత్రమేమిటంటే ఇది రైతు చేసిన బాకీ కాదు. ప్రభుత్వం కాలేజీకి కట్టాల్సిన సొమ్ము. ప్రభుత్వం కట్టదు, కాలేజీ ఊరుకోదు, పిల్లవాడి టీసీ, మెమోలు బీరువాలో ఉంటాయి. అప్పుడు తండ్రి వడ్డీ వ్యాపారి ఇంటి మెట్లెక్కుతాడు.

సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల ఈ మాట వినిపించని ఊరు అరుదు. ఇక్కడి సంగతి మిగతా జిల్లాల కంటే కొంచెం వేరు కూడా. 1970ల నుంచి పరిశ్రమలకు భూములు పోయాయి. మిగిలిన భూముల్లో నక్కవాగు పక్కనున్నవి ఫ్యాక్టరీల మురుగుతో పాడయ్యాయి. ఆ కేసు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎకరం, రెండెకరాలతో మిగిలిన రైతు కొడుకు చదువు మీదనే ఆశ పెట్టుకున్నాడు. కూతవేటు దూరంలో పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా, డిప్లొమా చేతికొస్తే ఆపరేటరు అవుతాడు, బీటెక్ అయితే సూపర్‌వైజరు అవుతాడు అన్నది ఆశ. అయితే గేటు దగ్గర అడిగేది ఒరిజినల్ సర్టిఫికెట్. అది లేకపోతే బీటెక్ చదివినవాడైనా కాంట్రాక్టరు కింద హెల్పరే.

అసలీ పథకం ఏమిటి?

పేద పిల్లలకు కాలేజీ చదువుకు సర్కారు సాయం కొత్తదేమీ కాదు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో, తెల్లవారి కాలంలోనే మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008 ప్రాంతంలో దీన్ని పెద్దది చేసింది. ఎస్సీ, ఎస్టీలతో పాటు బీసీలు, మైనారిటీలు, తర్వాత అగ్రవర్ణ పేదలకు కూడా ట్యూషన్ ఫీజును ప్రభుత్వమే కాలేజీకి కడుతుందన్నారు. దీన్నే మనం ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటున్నాం.

ఇందులో రెండు పద్దులున్నాయి. ట్యూషన్ ఫీజు ఒకటి, అది తెలంగాణలో ఏళ్లుగా కాలేజీ ఖాతాకు వెళ్తోంది. ఖర్చుల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్పు రెండోది, అది విద్యార్థి ఖాతాలో పడాలి. చాలామంది తండ్రులు ఈ రెండింటినీ ఒకటే అనుకుని, పిల్లవాడి ఖాతాలో ఎంతో కొంత పడగానే ఫీజు వచ్చేసిందనుకుంటారు. అదీ ఇదీ ఒకటి కాదు.

పథకం పేరులోనే ఒక మెలిక ఉంది. రీయింబర్స్‌మెంట్ అంటే ముందు ఖర్చయ్యాక తర్వాత తిరిగి ఇవ్వడం. ఆ ‘తర్వాత’ ఎప్పుడన్న దగ్గరే గొడవంతా.

మంజూరు వేరు, జమ వేరు

వడ్లు అమ్మిన రైతుకు ఇది చెప్పాల్సిన పని లేదు. కొనుగోలు కేంద్రంలో టోకెన్ ఇస్తారు, తూకం అవుతుంది, లారీ ఎక్కుతుంది, ట్రక్ షీట్ వస్తుంది. ఇన్ని అయినా బ్యాంకులో పైసలు పడితేనే పడ్డట్టు. ఫీజు సంగతీ అచ్చం ఇంతే. పిల్లవాడు ఈ–పాస్‌లో దరఖాస్తు పెడతాడు. కాలేజీ హాజరు చూసి, వేలిముద్ర తీసుకుని పైకి పంపుతుంది. సంక్షేమ శాఖ మంజూరు చేస్తుంది. బిల్లు ట్రెజరీకి పోతుంది, టోకెన్ నంబరు పడుతుంది. పేపర్లో ‘నిధులు మంజూరు’ అని వార్త వచ్చేది ఇక్కడే. ఆ టోకెన్ పట్టుకుని కాలేజీలు నెలలు, ఒక్కోసారి ఏళ్లు కూర్చున్నాయి. ఆర్థిక శాఖ డబ్బు వదిలితేనే జమ అవుతుంది.

అందుకే పేపర్లో కోట్ల లెక్క చూసి మురిసిపోకూడదు. మన పిల్లవాడి పేరు మీద, ఏ సంవత్సరపు ఫీజు జమ అయిందన్నది ఒక్కటే చూడాలి.

చెప్పకుండా వచ్చిన కోత

స్కాలర్‌షిప్పులు తగ్గిస్తున్నామని మొహాన చెప్పిన సందర్భాలు తక్కువ. కేంద్రం 2022 నవంబరులో 1 నుంచి 8 తరగతుల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పును ఆపి 9, 10 తరగతులకే పరిమితం చేసింది. ఆ ఏడాది డిసెంబరులో మైనారిటీ పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్పు ఆపేసింది. అవి కనిపించే కోతలు కాబట్టి గొడవ జరిగింది. కాలేజీ ఫీజుల దగ్గర కోత కనిపించకుండా జరిగింది.

ఉమ్మడి రాష్ట్రంలో 2012–13 నుంచి ఇంజనీరింగులో ఒక నిబంధన పెట్టారు. ఎంసెట్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తే ఫీజు మొత్తం, దాటితే బీసీ, ఈబీసీ పిల్లలకు 35 వేల రూపాయల దాకే. ఎస్సీ, ఎస్టీలకు ర్యాంకుతో పని లేకుండా పూర్తి ఫీజు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ అదే 35 వేలు కొనసాగింది. ఈ లోపు ఫీజులు ఊరుకోలేదు. 2022లో ఇంజనీరింగు కాలేజీల కనీస ఫీజే 45 వేలైంది. పేరున్న కాలేజీల్లో లక్ష దాటింది.

దీన్ని పత్తితో తూచి చూద్దాం. 2012–13లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 3,900. అంటే అప్పటి 35 వేలు దాదాపు 9 క్వింటాళ్ల పత్తికి సమానం. 2025–26లో మద్దతు ధర 8,110. ఇప్పుడదే 35 వేలు నాలుగుంపావు క్వింటాళ్లు. పత్తి ధర పెరిగింది మంచిదే (మార్కెట్లో తేమ పేరుతో ఎంత కోస్తారన్నది వేరే కథ). కానీ సర్కారు సాయం పదమూడేళ్లలో సగానికి సగం కరిగిందన్న సంగతి ఏ జీవోలోనూ కనిపించదు.

ఇక రెండో కోత ఆలస్యం. ఇదే అసలు దెబ్బ. రెండెకరాల రైతు ఇంటి లెక్క ఒకటి వేద్దాం. కొడుకు ర్యాంకు 10 వేలు దాటింది, కనీస ఫీజు ఉన్న కాలేజీలో చేరాడు. ఏటా 45 వేలలో 35 వేలు ప్రభుత్వం, 10 వేలు తండ్రి. నాలుగేళ్లకు తన వాటా 40 వేలు, పరీక్ష ఫీజులు, బస్సు పాసు దీనికి అదనం. ఇంతవరకు తెలిసి దిగిందే. ప్రభుత్వం ఒక ఏడాది ఇచ్చి మూడేళ్లది ఆపిందనుకుందాం. బకాయి 1,05,000. చదువు అయిపోయింది, ఉద్యోగం పిలుపొచ్చింది, కాలేజీ ‘ఇప్పుడు మీరు కట్టండి, సర్కారు ఇచ్చినప్పుడు తిరిగి తీసుకోండి’ అంటుంది. తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆ మొత్తం తెస్తాడు. నెలకు వడ్డీ 2,100. ఏడాదికి 25,200.

2025 జనవరి నుంచి రైతు భరోసా ఎకరాకు ఏటా 12 వేలన్నారు. రెండెకరాలకు 24 వేలు. అంటే ఆ రైతుకు పెట్టుబడి సాయంగా ఏడాది మొత్తంలో వచ్చేది ఈ వడ్డీకే చాలదు. ఇంకా 1,200 తక్కువ పడుతుంది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకున్నట్టు అని మనవాళ్లు ఊరికే అనడం లేదు. అసలు మాత్రం అట్లాగే ఉంటుంది.

బంద్‌లు, ధర్నాలు

కోపం వీధికెక్కడం ఇవాళ్టిది కాదు. తెలంగాణ వచ్చిన వెంటనే 2014 జులైలో ‘ఫాస్ట్’ పేరుతో కొత్త పథకం తెచ్చి, 1956కు ముందు నుంచి ఇక్కడున్నవారి పిల్లలకే ఫీజు అన్నారు. బీహెచ్ఈఎల్, పటాన్‌చెరు ప్రాంతాల్లో బయటి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వారికి ఇది గుండెల్లో రాయి పడ్డట్టయింది. భూమి ఉన్న స్థానిక రైతు పాత పహాణీ చూపించవచ్చు అనుకుందాం, తరతరాల కూలివాడు ఏం చూపించాలి? వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. 2015లో ప్రభుత్వం ఆ జీవో వెనక్కి తీసుకుని పాత పద్ధతే సాగించింది.

ఆ తర్వాత తగాదా అర్హత మీద కాక బకాయి మీదకు మారింది. బకాయిలు ప్రభుత్వం మారినా మారలేదు. పాత ప్రభుత్వం వదిలి వెళ్లిందని కొత్తవారు, మీరొచ్చాక పెరిగిందని పాతవారు. 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ, పీజీ కాలేజీలు మూసి నిరసన తెలిపాయి. 2025 సెప్టెంబరులో ఇంజనీరింగుతో సహా వృత్తి విద్యా కాలేజీలన్నీ కలిసి బంద్ అన్నాయి. ప్రభుత్వం విడతలుగా 1,200 కోట్లు ఇస్తామనడంతో ఆగాయి. చెప్పినంత అందలేదని నవంబరు 3 నుంచి తాళాలు వేశాయి. యాజమాన్యాల లెక్క ప్రకారం మొత్తం బకాయి 10 వేల కోట్ల దాకా ఉంది. నవంబరు 7న ఉప ముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్కతో మాట్లాడాక బంద్ విరమించారు. 600 కోట్లు వెంటనే, 300 కోట్లు ఆ తర్వాత అని ఒప్పందం. 10 వేల కోట్ల బకాయికి 900 కోట్లంటే నూటికి తొమ్మిది. ఎండిన మడికి బిందెడు నీళ్లు.

యాజమాన్యాలది పూర్తిగా ధర్మాగ్రహం అని కూడా అనలేం. బంద్ ప్రకటన వచ్చిన రోజుల్లోనే ప్రభుత్వం కాలేజీల మీద విజిలెన్స్ తనిఖీలకు ఆదేశించింది. బెదిరించడానికే అన్నారు కొందరు. అయితే సౌకర్యాలు లేకుండా కాగితాల మీద నడిచే కాలేజీలు ఉన్నాయన్నది కూడా అందరికీ తెలిసిన మాటే. అలాగని, జీతాలు రాని అధ్యాపకుల గోడు అబద్ధమూ కాదు.

విద్యార్థి సంఘాల జెండాలు వేరైనా ఈ విషయంలో నినాదం ఒకటే. ఎస్ఎఫ్ఐ, ఏఐఎస్ఎఫ్, పీడీఎస్‌యూ, ఏబీవీపీ ఎవరికి వారు ధర్నాలు చేశారు. బీసీ సంఘాల నాయకుడు ఆర్.కృష్ణయ్య ఏళ్ల తరబడి ఇదే అడుగుతున్నారు. ఇంతమంది మాట్లాడినా ఒక గొంతు మాత్రం తక్కువగా వినబడుతోంది. అది వడ్డీ కడుతున్న తండ్రిది. యూరియా దొరక్కపోతే రోడ్డెక్కే రైతు, ఫీజు దగ్గరకొచ్చేసరికి నా కొడుకు చదువు నా ఇంటి గుట్టు అనుకుని తలవంచుకుని అప్పు చేస్తున్నాడు. రైతు సంఘాల కోరికల పట్టికలో ఈ బాకీకి చోటు దొరకడం అరుదు. సాగు అప్పు అని బ్యాంకుల్లో నమోదయ్యేది ఎరువుల అప్పే. కాలేజీ అప్పు ఏ లెక్కలోకీ రాదు, రుణమాఫీలోకీ రాదు.

ఫ్యాక్టరీ జీతం తెచ్చిన తంటా

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకోటుంది. బీసీ, ఈబీసీ, మైనారిటీ కుటుంబాలకు ఆదాయ పరిమితి ఏళ్లుగా పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు. ఎక్కడో మెట్ట ప్రాంతంలో రెండెకరాల రైతుకు లక్షన్నర దాటేది కష్టం. కానీ ఇక్కడ తండ్రి వ్యవసాయం చేసుకుంటూనే ఫ్యాక్టరీలో హెల్పరుగా పోతాడు. నెలకు 13 వేల జీతం అనుకున్నా ఏడాదికి 1,56,000. పంట లెక్కలోకి రాకముందే పరిమితి దాటింది. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్న జీతం కాబట్టి దాచడానికీ లేదు, దాచమని మేమూ చెప్పం. నెలకు 13 వేలతో ఇల్లు నడిపేవాడు ధనవంతుడెలా అయ్యాడన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్న.

ఇస్నాపూర్, గుమ్మడిదల వంటి పంచాయతీలు 2025లో మున్సిపాలిటీలయ్యాయి. ఇంటిపన్ను పెరుగుతుందని అందరూ భయపడ్డారు. అయితే ఊరు పట్టణం లెక్కలోకి వస్తే ఆదాయ పరిమితి కూడా 2 లక్షలది వర్తించాలి. ఇంతకుముందు లక్షన్నర దాటిందని దరఖాస్తే పెట్టనివారు తహసీల్దారు ఆఫీసులో ఈ సంగతి అడిగి చూడాలి. ఏ ఏటి దరఖాస్తుకు ముందైనా ఈ–పాస్‌లో ఆ సంవత్సరపు పరిమితి ఎంతో చూసుకోవడం మంచిది.

సర్టిఫికెట్లు ఆపొచ్చా?

ఆపకూడదు. యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు ఒరిజినళ్లు చూసి, సరిచూసుకుని, వెంటనే తిరిగి ఇచ్చేయాలి. తమ దగ్గర పెట్టుకోరాదు. ఇంజనీరింగు, డిప్లొమా కాలేజీలకు ఏఐసీటీఈ నిబంధన కూడా ఇదే. ప్రభుత్వం ఫీజు ఇవ్వలేదన్న కారణంతో ఆపితే హైకోర్టుకు వెళ్లి తెచ్చుకున్న పిల్లలూ ఉన్నారు. కానీ కోర్టు అనగానే మన రైతు వెనకడుగు వేస్తాడు, అది యాజమాన్యాలకూ తెలుసు. కోర్టు కంటే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, నోటిమాటగా అడగొద్దు. విద్యార్థి పేరు, హాల్‌టికెట్ నంబరు, ఏ సర్టిఫికెట్లు కావాలో కాగితం మీద రాసి ప్రిన్సిపాల్ ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయమంటే స్పీడ్ పోస్టులో పంపాలి. ఆ రసీదే సాక్ష్యం. తప్పనిసరై ఫీజు కట్టాల్సి వస్తే, తెల్లకాగితం మీద సంతకంతో సరిపెట్టుకోకుండా ‘ఫలానా సంవత్సరపు రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి విద్యార్థి కట్టిన మొత్తం, ప్రభుత్వం నుంచి రాగానే వాపసు’ అని రాసిన రసీదు తీసుకోవాలి. ఇది లేనందువల్ల తర్వాత ఎప్పుడో కాలేజీకి నిధులొచ్చినా తండ్రికి తిరిగి అడిగే ఆధారం ఉండదు. పట్టాదారు పాసుబుక్కు దాచినంత భద్రంగా ఆ రసీదును దాచాలి.

దరఖాస్తు దగ్గరే దొర్లే పొరపాట్లు

అన్ని బకాయిలూ సర్కారు ఆలస్యం వల్లే కాదు. కొన్ని మన కాగితాల తప్పులు. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే దరఖాస్తు అక్కడే చిక్కుకుంటుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ జోడించకపోతే స్కాలర్‌షిప్పు పడదు. పాత ఆదాయ సర్టిఫికెట్ పెడితే తిరిగి వస్తుంది. హాజరు 75 శాతం తగ్గితే ఆ ఏడాది పోయినట్టే. పత్తి ఏరే రోజుల్లో కాలేజీ మాన్పించి చేనుకు తీసుకుపోయే అలవాటు ఉన్నవారు ఇది గుర్తుంచుకోవాలి. మేనేజ్‌మెంట్ కోటాలోనో, స్పాట్ అడ్మిషన్‌లోనో చేరితే ఫీజు రాదు. కాలేజీ మనిషి ఇంటికొచ్చి ‘మొత్తం సర్కారే ఇస్తది’ అని చెప్పినప్పుడు ‘సీటు కన్వీనర్ కోటాలోనేనా?’ అని ఒక్క మాట అడగాలి.

దరఖాస్తు ఎక్కడుందో తెలుసుకోవడానికి దళారీ అక్కర్లేదు. ఈ–పాస్‌లో దరఖాస్తు నంబరు, పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీ కొడితే చూపిస్తుంది. కాలేజీ దగ్గర ఆగిందా, సంక్షేమ శాఖ దగ్గరా, ట్రెజరీ దగ్గరా అన్నది అక్కడే తేలుతుంది. కాలేజీ దగ్గరే ఆగి ఉంటే తప్పు కాలేజీది. అప్పుడు బకాయి పేరుతో ఫీజు అడిగే నోరు వారికుండదు.

రెండు రూపాయల వడ్డీకి పోకముందు బ్యాంకు గుమ్మం ఒకసారి తొక్కాలి. చదువు అప్పు 4 లక్షల వరకు తనఖా లేకుండా ఇవ్వాలన్నది బ్యాంకుల పద్ధతి. ఏటా 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటి పిల్లలు వృత్తి విద్యా కోర్సుల్లో చేరితే చదువుకునే కాలంలో వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009 నుంచి ఉంది. కాలేజీకి న్యాక్ గానీ, కోర్సుకు ఎన్‌బీఏ గానీ గుర్తింపు ఉండాలి. అయితే ఇది చదువు మొదట్లోనే తీసుకోవాల్సిన అప్పు, చివర్లో సర్టిఫికెట్ విడిపించుకోవడానికి అడిగితే ఇవ్వరు. తండ్రి పంట రుణం మొండిబాకీ అయి ఉంటే మేనేజరు మొహం చాటేస్తాడు, అదొక ఇబ్బంది.

కాలేజీ ఎంచుకునే దగ్గర కూడా ఒక ఆలోచన చేయవచ్చు. సంగారెడ్డి తారా డిగ్రీ కాలేజీ, పటాన్‌చెరు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు, ఐటీఐలలో ఫీజు కొద్ది మొత్తమే. సర్కారు ఆలస్యం చేసినా మెడ మీద కత్తి పడదు. ఇంజనీరింగే కావాలంటే సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ కాలేజీ మన జిల్లాలోనే ఉంది. ర్యాంకు రాక ప్రైవేటుకు పోవాల్సినవారు 35 వేలకూ, ఆ కాలేజీ ఫీజుకూ మధ్య తేడా నాలుగేళ్లకు ఎంతవుతుందో చేరకముందే కాగితం మీద వేసుకోవాలి.

సర్టిఫికెట్లు ఇవ్వకపోతే సంగారెడ్డి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చు. ఒక్కరే పోకుండా అదే కాలేజీలో చదివిన పిల్లల తండ్రులు నలుగురైదుగురు కలిసి పోతే మేలు. వెంట తీసుకుపోవాల్సినవి: ఈ–పాస్ దరఖాస్తు కాపీ, దాని స్థితి చూపే కాగితం, కాలేజీకి ఇచ్చిన లేఖ మీద ముద్ర ఉన్న కాపీ, కట్టిన ఫీజు రసీదులు, ఉద్యోగం పిలుపు వచ్చి ఉంటే ఆ లేఖ, అందులో ఒరిజినళ్లు చూపాల్సిన తేదీ. అర్జీ ఇచ్చాక దాని నంబరు రాయించుకోవడం మరవొద్దు.